గుర్రం వీపుకు కుదిరే జీను



నేను ఉండేది గుజరాత్‌లోని సూరత్ నగరంలో, ఉధ్నా ప్రాంతంలో. ఉధ్నా పేరు చెప్పగానే మన తెలుగువారికి మరమగ్గాలే గుర్తుకొస్తాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన ఎన్నో పద్మశాలి కుటుంబాలు ఇక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. మరి మగ్గాల ఊళ్లో గుర్రం ప్రస్తావన ఎందుకని మీరు అడగవచ్చు. కార్తీక మాసంలో పెళ్లిళ్లు మొదలయ్యాక, ఏ సాయంత్రమైనా ఇక్కడి రోడ్డు పక్కన ఒక గంట నిలబడితే మీకే తెలుస్తుంది. ముందు బ్యాండు, తరవాత తల మీద దీపాలు మోసేవాళ్లు, ఆ వెనక గుర్రం మీద పెళ్లికొడుకు. ఈ ఊరేగింపును గుజరాతీలో 'వరఘోడో' అంటారు. ఆ మాటలోనే గుర్రం ఉంది. ఇక్కడి మన తెలుగు ఇళ్లలోనూ ఇప్పుడు పెళ్లికొడుకు గుర్రమెక్కకుండా బయలుదేరడం తక్కువే.

కిందటి శీతాకాలం అలాంటి ఒక పెళ్లిలోనే నా విద్యార్థిని ఒకమ్మాయి నన్ను అడిగింది: "మాస్టారూ, ఆ గుర్రం మీద జీను పెట్టబోతే చెవులు వెనక్కి వాల్చి కరవబోతోంది. ఎందుకండీ?" పక్కనే ఉన్న గుర్రం యజమాని విని నవ్వాడు. "దానికి పొగరు సాహెబ్, ఎప్పుడూ అంతే" అన్నాడు. ఆయనకు మూడు ఆడ గుర్రాలున్నాయి. రెండు తెల్లవి, ఒకటి గోధుమ రంగుది. జీను మాత్రం ఒక్కటే. ఎర్ర మఖమలు మీద జరీ పని చేసిన బరువైన జీను. ఏ గుర్రానికి బేరం కుదిరితే దాని మీద ఆ జీనే వేస్తాడు. ఆ అమ్మాయి ప్రశ్నకు నేను అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. తరవాత వారం రోజులు ఆ మూడు గుర్రాల దగ్గరికి వెళ్లి, కొలిచి, తడిమి చూశాను. ఈ రోజు పాఠం అక్కడి నుంచి వచ్చిందే.

మొదట ఒక చిన్న ప్రయోగం చేద్దాం. మీ ఎడమచేతి బొటనవేలి గోరును కుడిచేతి వేళ్లతో గట్టిగా నొక్కండి. గోరు కింద గులాబీ రంగు పోయి తెల్లగా అయింది కదా? వదిలేయండి. ఒకటి రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగు వస్తుంది. నొక్కినప్పుడు అక్కడి రక్తకేశనాళికలు మూసుకుపోయాయి, వదలగానే తెరుచుకున్నాయి. ఇప్పుడు ఆ గోరును ఒక సెకను కాదు, రెండు గంటలు అలాగే నొక్కి ఉంచారనుకోండి. జీను సరిగ్గా కుదరని గుర్రం వీపు పరిస్థితి అదే.

హైస్కూల్లో మీరు చదివిన సూత్రమే ఇక్కడ కావాలి. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది. పెళ్లికొడుకు, జీను, అలంకరణ అన్నీ కలిపి 80 కిలోలు అనుకుందాం. దాన్ని 9.8తో గుణిస్తే బలం 784 న్యూటన్లు. జీను కింద వెన్నుకు అటొకటి ఇటొకటి రెండు పొడవాటి మెత్తలు ఉంటాయి. ఒక్కొక్కటి 600 చదరపు సెంటీమీటర్ల మేర వీపును పూర్తిగా తాకిందనుకుంటే మొత్తం 1200 చదరపు సెంటీమీటర్లు, అంటే 0.12 చదరపు మీటర్లు. భాగిస్తే సుమారు 6,500 పాస్కల్‌లు వస్తుంది. రక్తపోటు చెప్పే పద్ధతిలో అయితే ఇది 49 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం.

ఇప్పుడు ఇదే జీను మధ్యలో వీపును తాకకుండా, ముందూ వెనకా నాలుగు చోట్ల మాత్రమే ఆనిందనుకోండి. తాకే వైశాల్యం 300 చదరపు సెంటీమీటర్లకు తగ్గితే పీడనం నాలుగు రెట్లవుతుంది. సుమారు 26,000 పాస్కల్‌లు, అంటే 196 మిల్లీమీటర్లు. పెళ్లికొడుకు బరువు గ్రాము కూడా పెరగలేదు, గమనించండి. గుర్రం దుడుకు నడకలో పడితే ఒక్కో అడుగుకు ఆ బలం క్షణకాలం రెట్టింపు దాకా పోతుంది.

ఈ అంకెలను దేనితో పోల్చాలి? మనుషుల చర్మంలోని రక్తకేశనాళికల్లో, ధమని వైపు, పీడనం సుమారు 32 మిల్లీమీటర్లు. గుర్రంలోనూ అదే స్థాయిలో ఉంటుందనుకుంటే, బాగా కుదిరిన జీను కింద కూడా 49 అంటే అప్పటికే ఎక్కువే. మరి స్వారీ చేసిన ప్రతి గుర్రానికీ పుండు ఎందుకు పడదు? చలనం వల్ల. గుర్రం నడుస్తున్నప్పుడు వీపు ఒక పక్క లేస్తుంది, మరో పక్క దిగుతుంది. ఒత్తిడి ఒకచోట తగ్గిన క్షణంలో అక్కడికి రక్తం వస్తుంది. 1959లో అమెరికాలో మైఖేల్ కోసియాక్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ఎక్కువ పీడనం కొద్దిసేపు ఉన్నా, తక్కువ పీడనం చాలాసేపు ఉన్నా కణజాలం దెబ్బతింటుందని తేలింది. ఆసుపత్రిలో మంచానపడ్డ రోగిని నర్సులు రెండేసి గంటలకోసారి ఎందుకు ఒత్తిగిలిస్తారో ఆలోచించండి.

మన ఊరేగింపు గుర్రం సంగతి చూడండి. అది నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ. బ్యాండు ఆగిన చోటల్లా ఆగాలి, డాన్సు అయ్యేదాకా కదలకూడదు. కిలోమీటరు దూరానికి గంటన్నర. మైదానంలో పరుగెత్తే గుర్రం కన్నా దీని పని సులువని మనం అనుకుంటాం. వీపు లెక్కలో అలా కాదని నా అభిప్రాయం.

ఇక గుర్రం శరీరంలోకి వద్దాం. గుర్రానికి ఛాతీ భాగంలో 18 వెన్నుపూసలు, వాటికి 18 జతల పక్కటెముకలు, నడుము దగ్గర మామూలుగా 6 పూసలు ఉంటాయి. మెడ ముగిసి వీపు మొదలయ్యే చోట ఎత్తుగా కనిపించే భాగాన్ని మూపు అందాం. ఛాతీ పూసల నుంచి పైకి పొడుచుకు వచ్చిన పొడవైన ముళ్ల వంటి ఎముకల వల్ల ఆ ఎత్తు వస్తుంది. అక్కడ ఎముకకూ చర్మానికీ మధ్య కండ చాలా తక్కువ. వెన్నుకు రెండు పక్కలా మాత్రం పొడవాటి దట్టమైన కండరాలున్నాయి. బరువు మోయవలసినవి అవే, కింద పక్కటెముకల ఆసరాతో. పద్దెనిమిదో పక్కటెముక దాటాక కింద ఆసరా లేదు. కాబట్టి జీను బరువు అక్కడికి పోకూడదు.

ముందువైపు ఇంకో హద్దు ఉంది. మనకు భుజాన్ని ఛాతీతో కలిపే జత్రుక ఎముక ఉంది, గుర్రానికి లేదు. దాని ముందుకాళ్లు కండరాలతోనే మొండానికి అతుక్కుని ఉంటాయి. కాలు ముందుకు చాపినప్పుడల్లా రెక్క ఎముక పైఅంచు వెనక్కి జరుగుతుంది. జీను ఆ ఎముక మీదికి వస్తే ప్రతి అడుగుకూ ఎముక వెళ్లి జీను చట్టాన్ని గుద్దుకుంటుంది. చాలామంది జీనును మెడ దగ్గరికి లాగి వేస్తారు, చూడ్డానికి ఠీవిగా ఉంటుందని. గుర్రం అడుగులు పొట్టివైపోతాయి. యజమాని దాన్ని బద్ధకం అంటాడు.

సరే, జీను కుదిరిందో లేదో ఎలా తెలుసుకోవాలి? పరికరాలు పెద్దగా అక్కర్లేదు. నేను వాడినవి సుద్దముక్క, కరెంటు పనివాళ్లు వాడే మందపాటి అల్యూమినియం తీగ ఒక మూర, అట్టముక్కలు, కత్తెర. గుర్రాన్ని చదునైన నేల మీద, నాలుగు కాళ్లూ సమంగా ఉండేలా నిలబెట్టాలి. యజమాని పక్కన లేకుండా ఎవరూ దగ్గరికి వెళ్లవద్దు, వెనకవైపు అసలే నిలబడవద్దు. చేత్తో తడిమి రెక్క ఎముక వెనక అంచును కనుక్కుని సుద్దతో గీత గీయాలి. చివరి పక్కటెముకను కనుక్కుని దాన్ని వీపు దాకా పైకి అనుసరించి ఇంకో గీత గీయాలి. ఈ రెండు గీతల మధ్య ఉన్నదే జీనుకు స్థలం. మా గోధుమరంగు గుర్రానికి ఈ స్థలం తెల్లవాటి కన్నా నాలుగు వేళ్లు తక్కువ వచ్చింది. ఆ ఒక్క కొలతతోనే సగం సంగతి తెలిసిపోయింది.

తరవాత తీగ. రెక్క ఎముక గీతకు రెండు వేళ్లు వెనక, వీపు మీద అడ్డంగా తీగను వేసి రెండు పక్కలా ఒంటికి ఆనేలా వంచాలి. ఆకారం చెడకుండా తీసి అట్ట మీద పెట్టి గీసుకోవాలి. అక్కడి నుంచి జానెడు జానెడు వెనక్కి వెళ్లి మరో రెండు గీతలు తీయాలి. వెన్ను పొడవునా ఒకటి. అట్టలను ఆ ఆకారాల్లో కత్తిరించి, జీనును తిరగేసి లోపలివైపు పెట్టి చూస్తే ఎక్కడ ఖాళీ, ఎక్కడ బిగువు అన్నది కంటికే కనిపిస్తుంది. ఇప్పుడు తెర మీద మూడు గుర్రాల మొదటి గీతలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపిస్తున్నాను. ఒకటి ఎత్తైన పాక కప్పులా ఏటవాలుగా ఉంది. ఒకటి తలకిందులు చేసిన మూకుడులా గుండ్రంగా ఉంది. మూడోది ఒక పక్క కన్నా మరో పక్క కాస్త పల్లం. వీటన్నిటికీ ఒకే జీను!

ఇక జీను వేసి చూడాలి. కింద దుప్పటి లేకుండా, ఒట్టి వీపు మీద. కాస్త ముందుకు పెట్టి, వెంట్రుకల వాలు వెంట వెనక్కి జరిపితే అది ఒకచోట తనంతట తాను ఆగుతుంది. అక్కడ మూపుకూ జీనుకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి, మనిషి ఎక్కి కూర్చున్న తరవాత కూడా దూరాలి. జీను నడుమ పొడవునా ఉండే కాలువ గుండా వెనక నుంచి ముందుకు వెలుతురు కనిపించాలి. వెన్ను ముళ్లను ఏదీ తాకకూడదు. గుండ్రటి పెన్సిల్‌ను జీను కూర్చునే చోట అడ్డంగా పెడితే అది దొర్లి మధ్యలో ఆగాలి. వెనక్కి దొర్లిందంటే సవారీ చేసేవాడి బరువంతా నడుము మీద పడుతుందన్నమాట. ఆఖరికి మెత్తల కింద అరచేయి పెట్టి ముందు నుంచి వెనక్కి జరపాలి. చేతికి ఒకే రకమైన ఒత్తిడి తెలియాలి. ఒకచోట చేయి నలిగి, ఒకచోట వదులుగా ఉంటే ఇందాక చెప్పిన నాలుగు చోట్ల ఆనే జీను అదే.

పని అయ్యాక చెమట చూడాలి. అరగంట నడిపి జీను తీస్తే రెండు మెత్తల కిందా వీపు సమంగా తడిసి, మధ్యలో వెన్ను మీద పొడిగా ఉండాలి. తడి మధ్యలో రూపాయి బిళ్లంత, అరచేయంత పొడి మచ్చ కనిపిస్తే జాగ్రత్త. అక్కడ జీను అసలు తాకి ఉండకపోవచ్చు, లేదా చెమట పట్టనంత గట్టిగా నొక్కి ఉండవచ్చు. రెండింటికీ ఆనవాలు ఒకటే! కాబట్టి చేత్తో చూడకుండా కంటితో తీర్పు చెప్పకూడదు. ఇంకో ఇబ్బంది మా సూరత్‌ది. ఇక్కడ దొరికే చవక దుప్పట్లన్నీ పాలిస్టర్. అది చెమట పీల్చదు, తడి అంతటా పాకిపోతుంది. పరీక్ష కోసం పలచటి తెల్ల నూలు గుడ్డ వేసి చూశాను. మురికి ముద్రలు స్పష్టంగా పడ్డాయి.

ఇప్పుడు తెల్ల వెంట్రుకల సంగతి. ముదురు రంగు గుర్రాల మూపు పక్కన అక్కడక్కడ తెల్ల మచ్చలు మీరు చూసి ఉంటారు. పుట్టుమచ్చలనుకుంటాం. చాలాసార్లు అవి పాత జీను గుర్తులు. ఒత్తిడికి రక్తం అందక వెంట్రుక కుదుళ్లలోని రంగు కణాలు చనిపోతే, తరవాత మొలిచే వెంట్రుక తెల్లగానే వస్తుంది. మా గోధుమరంగు గుర్రానికి రెండు పక్కలా అలాంటి మచ్చలున్నాయి. తెల్ల గుర్రాలకు లేవు. లేవా? తెల్ల గుర్రం మీద తెల్ల వెంట్రుక ఎలా కనిపిస్తుంది! పెళ్లిళ్లకు అందరూ అడిగేది తెల్ల గుర్రాన్నే. ఈ దెబ్బను బయటపెట్టే ఆ గుర్తు దాని మీద కనపడదు. పైగా ఒత్తిడి దెబ్బ తరచుగా చర్మం కన్నా ముందు లోపలి కండరంలో మొదలవుతుంది. అందుకే ఆ రెండింటి వీపులనూ వేళ్లతో మెల్లగా నొక్కుతూ వెళ్లాను. కరవబోయిన తెల్లదాని ఎడమ మూపు వెనక, కోడిగుడ్డంత గట్టి కణితి చేతికి తగిలింది. అక్కడ చేయి పడగానే వీపు కిందికి కుంగింది, చెవులు వెనక్కి వాలాయి. ఇది కాఠియావాడీ జాతి. ఈ జాతి చెవులు లోపలికి వంగి కొనలు దాదాపు ఒకదాన్నొకటి తాకుతుంటాయి. అంత అందమైన చెవులు వెనక్కి అతుక్కుపోతే ఎవరికైనా కనిపిస్తుంది. దాన్ని పొగరు అనుకోవడమే పొరపాటు.

యజమాని వెంటనే అన్నాడు: "ఇంకో దుప్పటి మడిచి వేస్తే సరిపోతుంది కదా సాహెబ్?" నేను ఆయన బూటు చూపించి అడిగాను, బిగుతుగా ఉన్న బూటులో ఇంకో జత మేజోళ్లు వేసుకుంటే కాలికి సుఖమా అని. జీను వెడల్పుగా ఉండి మూపు మీద కూలబడుతుంటే మెత్త కొంతవరకు ఉపకరిస్తుంది. జీను ఇరుకైనప్పుడు మెత్త వేస్తే ఇంకా ఇరుకవుతుంది. జారకుండా కడుపు పట్టీని మరింత బిగించడం కూడా ఇలాంటి చికిత్సే. ఆ పట్టీని గుర్రాలవాళ్లు తంగ్ అంటారు. కుదరని జీనును తంగ్‌తో బిగిస్తే ఒత్తిడి పెరుగుతుంది, కుదిరిక పెరగదు.

కంచర గాడిదల విషయం క్లుప్తంగా చెబుతాను. వాటికి మూపు ఎత్తు తక్కువ, వీపు తిన్నగా ఉంటుంది. జీనును పట్టి ఉంచే ఎత్తు లేదు కనుక దిగుడులో అది మెడ మీదికి జారుతుంది. అందుకే తోక కింద నుంచి వచ్చే దుమ్చీ పట్టీ, లేదా పిరుదుల వెనక నుంచి తిరిగే వెడల్పు పట్టీ కడతారు. గుర్రం జీనును అలాగే తీసుకెళ్లి కంచర గాడిదకు వేయడం తగదు.

మన తెలుగు నేల మీద ఈ అవసరం ఇంకా ఎక్కడుందో తెలుసా? విశాఖ మన్యంలో. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు, జి.మాడుగుల వైపు రోడ్డు లేని కొండ గూడేలకు సరుకులు గుర్రాల మీద వెళ్లడం మామూలు. గుర్రమెక్కి బడికి వెళ్లిన ఉపాధ్యాయుల గురించి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. మోసేది బియ్యం బస్తా అయితే వీపుకు ఇంకా కష్టం. మనిషి గుర్రంతో పాటు ముందుకూ వెనక్కీ సర్దుకుంటాడు, బస్తా సర్దుకోదు. రెండు పక్కలా బరువు సమంగా లేకపోతే చట్టం ఒక పక్కకు ఒరిగి వెన్నును కోస్తుంది. అక్కడ జీను కుదిరిక అలంకారం కాదు, ఆ వారం ఇంటికి బియ్యం చేరడం.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 1965లో కేంద్ర ప్రభుత్వం బరువు లాగే, మోసే జంతువుల పట్ల క్రూరత్వ నివారణ నియమాలు చేసింది. వాటి ప్రకారం వీపు మీద వేయదగిన గరిష్ఠ బరువు పొట్టి గుర్రానికి 70 కిలోలు, గాడిదకు 50 కిలోలు, కంచర గాడిదకు 200 కిలోలు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా పని చేయించకూడదు. మంచి నియమాలే. అయితే చట్టం లెక్కపెట్టేది కిలోలను. చర్మం లెక్కపెట్టేది చదరపు సెంటీమీటరుకు ఎన్ని కిలోలు అన్నది. 70 కిలోలు కుదరని చట్టం మీద పడితే నియమం తప్పకుండానే పుండు పడుతుంది.

సవారీ బరువు గురించి 2008లో అమెరికాలోని ఒహాయోలో ఎనిమిది గుర్రాల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. గుర్రం బరువులో 15, 20 శాతం మోసినప్పుడు పెద్ద తేడా లేదు. 25, 30 శాతానికి వెళ్లేసరికి గుండె వేగం పెరిగింది, కండరాల నొప్పి సూచనలు కనిపించాయి. 350 కిలోల గుర్రానికి 20 శాతం అంటే 70 కిలోలు. జీను, జరీ, పెళ్లికొడుకు, అతని ఒళ్లో కూర్చోబెట్టిన తోడుపెళ్లికొడుకు, అందరూ అందులోకే రావాలి. ఆ పిల్లవాణ్ణి ఎక్కించవద్దని నేను చెప్పిన చోట పెద్దవాళ్లకు కోపం వచ్చింది.

మరో ముఖ్య విషయం. ఒకసారి కుదిరిన జీను ఎప్పటికీ కుదరదు. ఇక్కడ వానాకాలం నాలుగు నెలలూ పెళ్లిళ్లు ఉండవు. గుర్రం కట్టుగొయ్య దగ్గర తిని నిలబడి ఉంటుంది. కొవ్వు చేరుతుంది, వీపు కండ తగ్గుతుంది. కార్తీకంలో హఠాత్తుగా పని మొదలవుతుంది. ధనుర్మాసంలో మళ్లీ విరామం, సంక్రాంతి తరవాత మళ్లీ పని. ఏడాదిలో రెండు మూడుసార్లు తీగ పట్టుకుని కొలవవలసిందే.

మా యజమాని ఏం చేశాడని మీరు అడుగుతారు. ఆయన రోజు కూలీ మీద బతికే మనిషి. మూడు కొత్త జీనులు కొనమని చెప్పడం నాకు సులువు, ఆయనకు కాదు. జరీ గుడ్డను జీను నుంచి విప్పదీసి, పైన కప్పే విడి గుడ్డగా కుట్టించాము. దాని కింద ఏ జీను ఉన్నా పెళ్లివారికి తేడా తెలియదు. గుండ్రటి వీపున్న తెల్లదానికి పాత జీను సరిపోయింది. గోధుమరంగు దానికి ఒక పొట్టి జీను పాతది దొరికింది, మెత్తల్లో ఉన్ని తీసి మళ్లీ నింపించాడు. కణితి ఉన్న తెల్లదాన్ని పశువైద్యుడికి చూపించాడు. ఆయన సలహాతో ఆరు వారాలు జీను వేయకుండా ఉంచాడు. ఆ ఆరు వారాలూ మంచి ముహూర్తాలే, ఆయనకు నష్టమే జరిగింది. కణితి తగ్గింది, పూర్తిగా పోలేదు. దాని వీపుకు సరిపోయే జీను ఇంకా దొరకలేదు. అట్టముక్కలు మాత్రం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, సంతలో ఏ జీను కనపడినా తిరగేసి వాటిని పెట్టి చూస్తున్నాడు.

మీ ఊళ్లో గుర్రం ఉంటే యజమాని అనుమతితో, ఆయన పక్కనుండగా మూడు చోట్ల తీగ గీతలు తీయండి. లేనివాళ్లు రెండు ఇటుకలు, ఒక స్పాంజి ముక్క తీసుకుని, ఇటుకను పడుకోబెట్టినప్పుడూ నిలబెట్టినప్పుడూ స్పాంజి ఎంత లోతుకు కుంగిందో కొలిచి, రెండు పీడనాలూ లెక్కకట్టి రాయండి.